చర్చ: ప్రైవేటు కాలేజీల ఊరి సేవ ఊరి కోసమా, నాక్ ఫైలు కోసమా? (అనంతపురం)

పెన్న_ఇసుక:
2020-21 నుంచి మన డిగ్రీ సిలబస్‌లో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఉంది. 180 గంటలు, 4 క్రెడిట్లు, రెండో సెమిస్టర్ అయ్యాక వేసవిలో. ప్రైవేటు కాలేజీల్లో ఇది నడిచే తీరు తెలిసిందే: సర్వే ఫారాలు, ఒక ర్యాలీ, బ్యానరు పట్టుకుని సర్పంచితో ఫోటో, డీటీపీ షాపులో స్పైరల్ బైండింగు. కాలేజీలను మదింపు చేసే నాక్ సంస్థకి చూపించేది కార్యక్రమాల లెక్క కాబట్టి పది ఊళ్లకు పది ర్యాలీలు. దీన్ని ఎత్తేసి ఆ గంటలు ల్యాబుకు ఇవ్వాలంటాను. కాదనేవాళ్లు చెప్పండి.

చిత్రావతి_గట్టు:
ల్యాబుకే ఇద్దాం. కాకపోతే ల్యాబులోకి ఊరి నీళ్లు తెద్దాం. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానతో బతికే జిల్లా, తాగేది లోతు బోర్ల నీళ్లు, వాటిలో ఫ్లోరైడు. పరిమితి లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే దారి లేకపోతే 1.5 దాకా. కెమిస్ట్రీ ఉన్న ఏ కాలేజీ అయినా నలుగురు పిల్లలతో ఒక పంచాయతీలో 40 బోర్లు చూడగలదు.

చేసే పద్ధతి ఇది. మోటారు వేసి అయిదు నిమిషాలు నీళ్లు వదిలేయాలి, లేకపోతే పైపులో నిలవున్నదే సీసాలోకొస్తుంది. గాజు సీసా వద్దు, ప్లాస్టిక్‌ది తెచ్చి అదే నీళ్లతో మూడుసార్లు కడగాలి. ట్యాంకు కుళాయి దగ్గర కాదు, బోరు దగ్గరే పట్టాలి. ట్యాంకులో క్లోరిన్ కలిపి ఉంటే, ఫ్లోరైడును రంగు మార్పుతో కొలిచే స్పాండ్స్ పరీక్ష దెబ్బతింటుంది. ఫ్లోరైడు కొలిచే ఎలక్ట్రోడ్ ఉన్న కాలేజీ అయితే, నమూనాకు సమానంగా టిసాబ్ అనే బఫర్ ద్రావణం కలపాలి. అది కలపకపోతే నీళ్లలోని అల్యూమినియం, ఇనుము ఫ్లోరైడును పట్టేసుకుని రీడింగు తక్కువ చూపిస్తుంది. చెడ్డ నీళ్లను మంచివని రాసిచ్చేది ఇక్కడే. పది నమూనాలకొకటి రెండోసారి చూడాలి.

హంద్రీ_నీళ్లు:
బాగుంది సార్, కానీ కాలేజీ రాసిచ్చిన కాగితానికి విలువేముంది? ‘మీ బోరులో 2.8 ఉంది’ అని చెప్పి పిల్లలు బస్సెక్కితే ఆ ఇల్లాలు రేపు ఏ నీళ్లు తాగాలి? కాచి తాగమని సలహా ఇచ్చేవాళ్లూ ఉన్నారు. కాస్తే నీరు ఆవిరై ఫ్లోరైడు ఇంకా చిక్కబడుతుంది.

చిత్రావతి_గట్టు:
నిజమే. అందుకే కాలేజీది అనుమానమున్న బోర్లను ఏరే తొలి పరీక్ష మాత్రమే. 1 దాటిన నమూనాలను గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబుకు పంపాలి, వాళ్ల కాగితమొచ్చాకే అంకె బయటపెట్టాలి. చెప్పేటప్పుడు దగ్గర్లో తక్కువున్న బోరు ఏదో కూడా చెప్పాలి. 40 చూసేది అందుకే.

బుడ్డల_చేను:
నీళ్ల మాట సరే, మట్టి సంగతి ఎవరూ ఎత్తరేందన్నా? ప్రాజెక్టు జరిగేది మేలో. చేను ఖాళీగా ఉంటాది. బుడ్డలు (వేరుశనగ) ఇత్తేది జూన్, జూలై. ఇంతకన్నా మంచి టయిం యాడ దొరుకుతుంది? కానీ పిల్లోళ్లు గట్టు పక్కన ఒక గుప్పెడు గీరుకొచ్చి యూరియా సంచిలో ఏసుకుంటాండారు. ఇంక ఆ రిపోర్టులో నత్రజని మండిపోతుంది!

చేనంతా వంకరటింకరగా నడిచి 10, 15 చోట్ల ‘వి’ ఆకారంలో ఆరంగుళాల గుంట తీయాల. గుంట అంచు నుంచి పైనుంచి కిందికి పొర గీకాల. గట్టు, చెట్టు నీడ, ఎరువు దిబ్బ ఉన్న తావు వదిలేయాల. అంతా కలిపి నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు పారేస్తా, అరకిలో మిగిలేదాకా తగ్గించాల. నీడలోనే ఆరబెట్టాల. గుడ్డ సంచి, పెన్సిలుతో చీటీ.

కాలేజీ ల్యాబులో అయ్యేది పీహెచ్, ఉప్పు శాతం, సేంద్రియ కర్బనం. జింకు, బోరాన్ వాళ్లతో కాదు, ఆ ఆశ పెట్టొద్దు. కర్బనం పరీక్షకు డైక్రోమేట్ వాడతారు, ఆ క్రోమియం నీళ్లు సింకులో పోస్తే సేవ కాదు, పాపం. రిపోర్టు ఆగస్టులో ఇస్తే రైతు దాన్ని దేనికి చుట్టుకోవాల? ఊడలు దిగే ముందర ఎకరాకు 200 కిలోల జిప్సం ఏయాలనే మాటైనా ఆ కాగితం మీద తెలుగులో రాయండి.

హంద్రీ_నీళ్లు:
అసలు చిక్కు ఇంకొకటి. ఏటా బ్యాచి మారుతుంది, ఊరు మారుతుంది. ఉన్నత్ భారత్ అభియాన్ కింద అయిదు ఊళ్లు దత్తత, ఎన్‌ఎస్‌ఎస్ ఏడు రోజుల క్యాంపు ఇంకో ఊళ్లో, ప్రాజెక్టు మరో ఊళ్లో. మూడూ ఒకే ఊరికి తేవడానికి ప్రిన్సిపాల్ సంతకం చాలు, రూపాయి ఖర్చు లేదు. రిజిస్టరు ఒకటి డిపార్టుమెంటులో, నకలు గ్రామ సచివాలయంలో.

పెన్న_ఇసుక:
సరే, ఎత్తేయాలన్న మాట వెనక్కి తీసుకుంటున్నా, సగం. పిల్లలు సెలవులకు తలో ఊరు పోతారు, ఒకే ఊరికి ఎలా తెస్తారు? గైడుగా ఉన్న లెక్చరర్‌కు బస్సు చార్జీ కూడా ఇవ్వని యాజమాన్యం రియేజెంట్లు కొంటుందా? ఇంట్లో కూర్చుని అంకెలు రాసుకొస్తే పట్టేదెవరు?

చిత్రావతి_గట్టు:
మొదటి రెండిటికీ నా దగ్గర పూర్తి జవాబు లేదు. హాస్టలు పిల్లల్ని క్యాంపు రోజుల్లోనే ఆ ఊరికి తీసుకెళ్లడం ఒక దారి. మూడోది సులువు. మరుసటేడు బ్యాచి అవే 40 బోర్లు చూస్తుంది. ఒక బోరులో 2.4 పోయి 0.6 వచ్చిందంటే రెండు బ్యాచిల్లో ఒకటి బోరు దగ్గరికే పోలేదేమోనని అనుమానించాలి. మూడోసారి లెక్చరరే సీసా పట్టుకుని వెళ్లాలి.