"దేవుడి వేళ్లు": చేతివా, చెట్టువా?

నీలిసిరా:
ఒక చిక్కొచ్చింది. గెలాక్సీల సర్వేల మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. అందులో "ఫింగర్స్ ఆఫ్ గాడ్" అనే మాట ఉంది. ఆట్టే ఆలోచించకుండా "దేవుడి వేళ్లు" అని రాసేశాను. ముసాయిదా చదివిన స్నేహితురాలు ఫోన్ చేసి, "వేళ్లు కోట్ల కాంతి సంవత్సరాల పొడవున పాకాయన్నావు సరే, పైన చెట్టు ఏదీ?" అంది. ముందు నవ్వుకున్నాను. మళ్లీ చదివి చూస్తే, ఆవిడ అనుకున్న అర్థంలో కూడా నా పేరా ఎక్కడా తట్టుకోకుండా సాగిపోతోంది! వేలుకూ బహువచనం వేళ్లే, వేరుకూ వేళ్లే. ఏం చేయమంటారు?

పాతపుస్తకం:
దీనికేముందండీ. చెట్టుకు "వేర్లు" అనే రూపం ఎటూ వాడుకలో ఉంది. వేళ్లు చేతికి, వేర్లు చెట్టుకు అని పంచేస్తే సరి.

ఒత్తక్షరం:
మనం పంచితే జనం పంచుకోవద్దూ? "వేళ్లూనుకుంది" అంటాం, "కూకటివేళ్లతో పెకలించారు" అంటాం. అవి చెట్టువే. పాత రాతలో ఈ తంటా లేదు. చేతిది వ్రేలు, చెట్టుది వేరు. వ్రేళ్లు, వేళ్లు అని రాస్తే కంటికే తేడా తెలిసేది. క్రావడి జారిపోయాక రెండూ ఒక గూటికి చేరాయి. పోనీ "దేవుడి వేలు" అని ఏకవచనంలో పెడదామా అంటే అక్కడ "వేయి" కాచుకుని కూర్చుంది. దేవుడివి ఎన్ని వేలు అని అడుగుతారు.

పాతపుస్తకం:
అయితే "వ్రేళ్లు" అనే రాసేయండి.

నీలిసిరా:
సైన్సు వ్యాసం మధ్యలో ఒక్క మాట పాత గ్రంథంలోంచి ఊడిపడ్డట్టు ఉంటుందండీ. ఆ పక్కనే టెలిస్కోపు, రోబో అని రాసి ఉంది.

చుక్కలదారి:
ఇది అచ్చుతప్పుల పాటి గొడవ కాదు, కాస్త వివరంగా చెప్తాను. గెలాక్సీ ఏ దిక్కున ఉందో ఫొటోలోనే తెలుస్తుంది. ఎంత దూరాన ఉందో తెలియదు. అందుకని దాని కాంతిని వర్ణపటంగా విడదీసి, అందులోని గీతలు ఎరుపు వైపు ఎంత జరిగాయో కొలుస్తారు. అదే రెడ్‌షిఫ్ట్. విశ్వం వ్యాకోచిస్తోంది కనుక దూరం పెరిగేకొద్దీ ఆ జరుగుడూ పెరుగుతుంది. 1929లో హబుల్ చూపించిన సంబంధం ఇదే. జరుగుడును దూరంగా మార్చుకుని పటం గీస్తారు.

చిక్కల్లా ఏమిటంటే, గెలాక్సీలకు సొంత పరుగు కూడా ఉంటుంది. పెద్ద గుంపులో ఉన్నవి ఆ గుంపు బరువుకు లోబడి సెకనుకు 1000 కిలోమీటర్ల స్థాయి వేగంతో అటూ ఇటూ తిరుగుతుంటాయి. మన వైపు వచ్చేదాని జరుగుడు కొంత తగ్గుతుంది, అవతలికి పోయేదానిది పెరుగుతుంది. ఇందులో వ్యాకోచం వాటా ఎంత, సొంత పరుగు వాటా ఎంత అన్నది వర్ణపటం విడమరిచి చెప్పదు. 1000 కిలోమీటర్ల వేగాన్ని దూరంగా మారిస్తే సుమారు 4.5 కోట్ల కాంతి సంవత్సరాలు. అంటే ముందుకు అంత, వెనక్కి అంత సాగదీసినట్టు. గుంపు అసలు అడ్డుకొలత చూస్తేనేమో ఏ 2 కోట్ల కాంతి సంవత్సరాలో ఉంటుంది. ఆ ఉండలాంటి గుంపు పటంలో సన్నగా, పొడుగ్గా సాగి, మన వైపే గురిపెట్టినట్టు కనిపిస్తుంది. ఏ దిక్కున ఉన్న గుంపైనా సరే, మన వైపే! ఆ పేరు వచ్చింది అందుకే.

1986లో డి లపారాంత్, గెల్లర్, హుక్రా అనే ఖగోళ శాస్త్రవేత్తలు కలిసి ఆకాశంలో ఒక పలుచని ముక్కకు పటం ప్రచురించారు. అందులో ఉన్నవి సుమారు 1,100 గెలాక్సీలే. చూడగానే చిన్నపిల్లలు గీసే పుల్లల మనిషి కనిపిస్తాడు. వాడి చేతులు నిజం. అవే తర్వాత 1989లో "మహా కుడ్యం"గా పేరుపడ్డ గెలాక్సీల వరుసలో భాగం. మొండెం మాత్రం కోమా అనే గెలాక్సీల గుంపు సాగి కనిపించడం వల్ల వచ్చింది. ఒకే బొమ్మలో చేతులు ఉన్నవి, మొండెం లేనిది.

ఇప్పుడు మీ "వేళ్లు" సంగతి చూడండి. గెలాక్సీలు పోగులు పోగులుగా అల్లుకుని ఉన్నాయని మీరు పక్క పేరాలోనే రాసి ఉంటారు. ఆ పోగులు నిజంగానే ఉన్నాయి, వేరులాగే చీలుతూ పోతాయి. కాబట్టి "వేళ్లు" అనగానే పాఠకుడు వాటినే అనుకుంటాడు. లేని ఆకారాన్ని ఉన్నదాని ఖాతాలో వేసినట్టవుతుంది.

నీలిసిరా:
అవును, పక్క పేరానే. "పోగులు" అనే రాశాను కూడా. ఇక "దేవుడి వేళ్లు" ఉంచలేను.

ఒత్తక్షరం:
చుక్కలదారి గారు "మన వైపే గురిపెట్టినట్టు" అన్నారు చూడండి, జవాబు అందులోనే ఉంది. దేవుడి చూపుడువేళ్లు! చెట్టుకు చూపుడు వేరు ఉండదు కదా. పైగా ఈ సాగుడంతా జరిగేది మన చూపు పోయే దారి వెంటే. అడ్డంగా ఒక్క గీత కూడా సాగదు. "చూపుడు"లో చూపూ ఉంది, చూపించడమూ ఉంది.

పాతపుస్తకం:
మూలంలో చూపుడు లేదు గదండీ. అనువాదకులకు ఇంత చనువా?

ఒత్తక్షరం:
మూలానికి వేరు బెడద లేదు, మనకుంది. ఈ పాటి చనువు తీసుకోవచ్చు.

చుక్కలదారి:
నాకూ నచ్చింది. ఒక్క జాగ్రత్త. చాలా పెద్ద దూరాల మీద దీనికి ఎదురు పని జరుగుతుంది. ఇంకా గుంపుగూడుతున్న చోట గెలాక్సీలు నడిమికి జారుతుంటాయి. ఇవతలివి మనకు దూరంగా, అవతలివి మన వైపుకు. అప్పుడు పటంలో ఆ ప్రాంతం సాగదు, బిళ్లలా నొక్కుకుపోతుంది. 1987లో కైజర్ అనే శాస్త్రవేత్త దీని లెక్క తేల్చాడు. ఇప్పుడు అమెరికాలోని కిట్ పీక్ కొండ మీద, రోబోలు కదిపే 5,000 గాజు పోచలతో (ఆప్టికల్ ఫైబర్లతో) గెలాక్సీల కాంతి పట్టే డెసీ లాంటి సర్వేలు ఈ నొక్కుడును కొలిచి, దాని ద్వారా గురుత్వాకర్షణను పరీక్షిస్తున్నాయి. కనుక మీ వ్యాసంలో ఈ సాగుడునూ నొక్కుడునూ "పొరపాటు" అని తీసిపారేయకండి. "వంకర" అనండి. వంకర నుంచి కూడా సమాచారం లాగవచ్చు.

నీలిసిరా:
మార్చాను: "పటంలో ఈ గుంపులు సన్నగా సాగి మన వైపే తిరిగి ఉంటాయి. వీటిని దేవుడి చూపుడువేళ్లు అంటారు. అవి అక్కడ లేవు, మనం దూరం కొలిచిన తీరులో ఉన్నాయి."

పాతపుస్తకం:
సరే, ఒప్పుకున్నాను. ఏకవచనంలో "చూపుడువేలు" అన్నా వెయ్యి గోల ఉండదు. కానీ అన్నీ మన వైపే చూపిస్తున్నాయంటే, విశ్వం నడిబొడ్డున మనమే ఉన్నామని ఎవరైనా అనుకోరూ?

చుక్కలదారి:
అనుకుంటారు. కోమా గుంపులో కూర్చుని ఎవరైనా పటం గీస్తే అవన్నీ వాళ్ల వైపే తిరుగుతాయని ఇంకో వాక్యం చేర్చండి.