వేలిముద్ర పడటం లేదు, ముఖంతో లైఫ్ సర్టిఫికెట్ చేసినవాళ్లు ఉన్నారా?

నమస్కారం. కాజీపేటలో రైల్వే ఉద్యోగం చేసి రిటైరయ్యాను, ఉండేది హనుమకొండలో. నవంబర్ కదా, పొద్దున భద్రకాళి చెరువు దగ్గర నడక, పాలు, మనవరాలిని బడిలో దింపడం అయ్యాక బతికే ఉన్నామని పెన్షనర్లు ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ కోసం వెళ్లాను. పది వేళ్లూ పెట్టించారు. తడిగుడ్డతో తుడిచి మళ్లీ పెట్టినా ఒక్కటీ పడలేదు. ఏళ్ల తరబడి పానాలు పట్టిన చేతులు, గీతలు అరిగిపోయాయి.

జీవన్ ప్రమాణ్, ఆధార్ ఫేస్ ఆర్‌డీ యాప్‌లు ఫోన్‌లో వేసుకుంటే ఇంట్లోనే ముఖంతో చేయొచ్చని మా అల్లుడు అంటున్నాడు. కానీ కళ్లు ఆర్పమని అడుగుతుందట. నాకు కుడి కంటికి శుక్లాల ఆపరేషన్ అయి పది రోజులే, కన్ను ఇంకా ఎర్రగానే ఉంది. ఇలా ఉండగా ఎవరికైనా ముఖం తీసుకుందా? పోస్ట్‌మ్యాన్‌ను ఇంటికి పిలిస్తే ముఖంతో చేస్తాడా, మళ్లీ వేలిముద్రే అడుగుతాడా? పెన్షన్ ఆగుతుందేమోనని మా ఆవిడకు ఒకటే టెన్షన్. దయచేసి చెప్పండి.