త్రికటు చూర్ణం ఆపాక కార్బమజెపిన్ రక్తపరీక్ష ఎప్పుడు చేయించాలి?

తిరుపతిలో ఉండే మా నాన్నగారు మూర్ఛకు కార్బమజెపిన్ 200 మిల్లీగ్రాముల మాత్రను ఉదయం, రాత్రి ఏళ్లుగా వాడుతున్నారు. దగ్గుకని శొంఠి, మిరియాలు, పిప్పళ్లు కలిసిన త్రికటు చూర్ణాన్ని పూటకు అర చెంచా చొప్పున తేనెతో తీసుకోసాగిన రెండో వారంలో తల తిరగడం, ఒకటి రెండుగా కనిపించడం, నడకలో తూలడం మొదలయ్యాయి. మిల్లీలీటరు రక్తంలో 4–12 మైక్రోగ్రాముల మధ్య ఉండవలసిన మందు 13.8కి చేరింది.

మిరియాల్లోని పైపెరిన్, ఈ మందును కాలేయంలో విచ్ఛిన్నం చేసే సీవైపీ3ఏ4 ఎంజైమును నిరోధిస్తుందని చదివి, రెండింటికీ నాలుగు గంటల ఎడం పాటించినా గుణం కనిపించలేదు (అడ్డుపడేది ఎంజైముకే గనుక ఎడం చాలదేమో). వంటింటి దినుసులేనని ఆయుర్వేద వైద్యులు తేలిగ్గా తీసుకున్నారు. నరాల వైద్యులు చూర్ణం ఆపించి, మోతాదు మార్చకుండా మళ్లీ పరీక్ష చేయించమన్నారు గాని గడువు చెప్పలేదు.

చూర్ణం ఆపిన ఎన్ని రోజులకు, ఉదయపు మాత్రకు ముందు రక్తం ఇస్తే, మందు అసలు స్థాయి తెలుస్తుంది?