పత్తిలో గుడ్డిపూలు: మందు ఇప్పుడే కొట్టాలా?

ప్రశ్న: పత్తికి 55 రోజులు. అక్కడక్కడా గుడ్డిపూలు (విచ్చుకోని పూలు) పడ్డాయి. షాపులో పైరిత్రాయిడ్ పురుగుమందు కొట్టమంటున్నారు. కొట్టేదా అన్నా?

జవాబు 1: ఇప్పుడే వద్దు తమ్ముడూ. మిత్రపురుగులు (పంటకు మేలు చేసేవి) చచ్చి తెల్లదోమ విరుచుకుపడుతుంది. గుడ్డిపువ్వు విప్పి చూడు, రేకులు అల్లుకుపోయి లోపల గులాబీరంగు పురుగు ఉంటుంది. ఆ పూలన్నీ ఏరి కాల్చెయ్. ఎకరాకు 4 లింగాకర్షక బుట్టలు (ఈ పురుగు మగ రెక్కల పురుగుల్ని వాసనతో లాగే ఎర బుట్టలు) పెట్టు. వరుసగా 3 రాత్రులు రెక్కల పురుగులు బుట్టకు రాత్రికి 8 చొప్పున పడితేనే మందు సంగతి.

జవాబు 2: ఈలోగా వేప కషాయం. ఎకరాకు 10 కిలోల గింజల పొడి రాత్రంతా నానబెట్టి, వడగట్టి, 200 గ్రాముల సబ్బుపొడితో 200 లీటర్లు చేసి సాయంత్రం కొట్టు. ఎండకు దాని బలం పోతుంది. గుడ్లు పెట్టకుండా ఆపుతుందే గానీ, కాయలో దూరిన పురుగుకు అందదు.

జవాబు 3: బుట్టల్లో ఎర నెలకోసారి మార్చండి. డిసెంబరు దాటి పంట ఉంచొద్దు.