‘అతని మతం’లో అతను ఎవరు?

ప్రశ్న: ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951లోని 123(3) సెక్షన్‌ను తెలుగులో రాద్దామని కూర్చుని ఒక చిన్న సర్వనామం దగ్గర ఇరుక్కుపోయాను. మతం పేరు చెప్పి ఓట్లడగడం ఎన్నికల అక్రమం అని చెప్పే సెక్షన్ ఇది. ఇంగ్లీషు మూలంలో ‘హిజ్ రిలిజియన్’ అని ఉంది. ‘అతని మతం’ అనాలా, ‘తన మతం’ అనాలా?

జవాబు: మీరు ఇరుక్కోవడంలో వింతేమీ లేదండీ. ఆ ఒక్క ‘హిజ్’ కోసం సుప్రీంకోర్టులో ఏడుగురు జడ్జీలు కూర్చున్నారు. అభిరామ్ సింగ్ కేసులో 2017 జనవరి 2న తీర్పు వచ్చింది, అదీ 4-3 తేడాతో. కేసు మొదలైందేమో 1990లో ముంబైలోని శాంతాక్రజ్ అసెంబ్లీ ఎన్నిక మీద!

సెక్షన్ చెప్పేది ఇంతే. అభ్యర్థి గానీ, అతని ఏజెంటు గానీ, వాళ్ల సమ్మతితో ఇంకొకరు గానీ, ఎవరికైనా ఓటు వేయమనో వేయొద్దనో ‘హిజ్’ మతం, జాతి, కులం, సముదాయం, భాష ఆధారంగా అడగకూడదు. రుజువైతే గెలిచిన ఎన్నిక రద్దు. ఆపైన ఆరేళ్ల వరకు అనర్హత కూడా పడొచ్చు.

‘నాది ఫలానా మతం, నాకు ఓటెయ్యండి’ అంటే తప్పే, అందులో ఎవరికీ పేచీ లేదు. ‘మీది ఫలానా మతం, అందుకని నాకు ఓటెయ్యండి’ అంటేనో? ‘హిజ్’ అభ్యర్థికి మాత్రమే వర్తిస్తే ఈ రెండో మాట చట్టానికి చిక్కదు. మెజారిటీ జడ్జీలు, ఓటరు మతం కూడా అందులోకి వస్తుందన్నారు. మతాన్ని ఎన్నికలకు దూరంగా ఉంచడానికే ఆ సెక్షన్ పుట్టిందని వాళ్ల వాదన. మిగతా ముగ్గురు, రాసిన మాటను రాసినట్టే చదవాలన్నారు. మతం వల్లనో కులం వల్లనో జనం పడిన అన్యాయాల గురించి వాళ్లతోనే మాట్లాడొద్దంటే ఇక ఎన్నికల్లో మాట్లాడేది ఏమిటని అడిగారు. నాకైతే ఫలితంలో మెజారిటీ, వ్యాకరణంలో మైనారిటీ నచ్చాయి.

ఇంకో తమాషా ఉంది. ఈ ‘హిజ్’ మొదట్లో లేదు, 1961 సవరణలో వచ్చింది. అదే సవరణలో ‘ఒక పద్ధతి ప్రకారం’ అడగడం అనే షరతు పోయింది. చేర్చిన మాట చూపించి చట్టం ఇరుకైందని ఒక పక్షం, తీసేసిన మాట చూపించి విశాలమైందని ఇంకో పక్షం!

ఇక తెలుగు సంగతి. ‘రాముడు సోముణ్ని తన ఇంటికి వెళ్లమన్నాడు’ అనండి. ఎవరి ఇల్లు? రాముడిదీ కావచ్చు, సోముడిదీ కావచ్చు. అలాగే ‘అభ్యర్థి ఓటరును తన మతాన్ని బట్టి ఓటు వేయమనడం’ అంటే ఇద్దరి మతమూ అందులో ఇముడుతుంది. ‘అతని’ అంటే మాత్రం చూపు వేరే మనిషి మీదికి పోతుంది. పైగా ‘తన’కు ఆడ మగ తేడా లేదు. నా ఓటు ‘తన’కే.

మరో సభ్యుడు: బాగుంది గానీ ఒక చిక్కు. ‘వేయొద్దని’ అడగడం కూడా సెక్షన్‌లో ఉంది కదా. ‘వాడిది ఫలానా మతం, వాడికి వేయకండి’ అనేది అక్కడికే వస్తుంది. ‘తన’ ప్రత్యర్థిని చూపించలేదు. మీ లెక్కన ‘తన’ పెడితే ప్రత్యర్థి జారిపోతాడు, ‘అతని’ పెడితే ఓటరు జారిపోతాడు.

జవాబు: నిజమే, అది నా లెక్కలోకి రాలేదు.

ఇంకొకరు: సర్వనామం సరే, నామవాచకాలు మాత్రం తిన్నగా ఉన్నాయా? పంజాబ్‌లో ఒక ఎన్నిక పోస్టర్‌లో ‘పంథ్’ అనే మాట ఉంటే అది సిక్కు మతం పేరు మీద ఓటు అడగడమేనని కేసు వేశారు. ఆ పోస్టర్ వరకు ‘పంథ్’ అంటే అకాలీదళ్ పార్టీయేనని 1964లో సుప్రీంకోర్టు తేల్చింది. మన రాజ్యాంగ పీఠికలో ‘లౌకిక’ అని ఉన్న చోట హిందీలో ‘పంథనిరపేక్ష’ అని ఉంటుంది. అక్కడ ‘పంథ్’ పార్టీ అనుకుంటే ఎంత చిత్రంగా ఉంటుందో!

ప్రశ్న అడిగినవారు: అయితే సర్వనామమే తీసేస్తే? ‘మతం, జాతి, కులం, సముదాయం, భాష ఆధారంగా ఓటు వేయమని గానీ వేయవద్దని గానీ అభ్యర్థించడం’. తెలుగులో హాయిగా నడుస్తోంది, అభ్యర్థి, ప్రత్యర్థి, ఓటరు ముగ్గురూ అందులోకి వస్తున్నారు.

జవాబు: నడుస్తుంది. కాకపోతే 1961లో పార్లమెంటు చేర్చిన మాటను మీరు అనువాదంలో కొట్టేసినట్టవుతుంది. అంత అధికారం మనకు లేదండీ. నా సలహా, ‘అతని’ అనే రాసి, 2017 తీర్పు ప్రకారం ఓటరు కూడా ఇందులోకి వస్తాడని కింద ఒక వివరణ పెట్టండి.