మామయ్యగారికి ఇంట్లోనే సిలువ మార్గం చదవాలి, నాది లూథరన్ పుట్టిల్లు. ఎలా చేయమంటారు?

గుంటూరు_కోడలు:

అందరికీ వందనాలు. మా పుట్టింటివాళ్లు లూథరన్లు, నాన్నగారు సంఘ పెద్ద. పెళ్లయి వచ్చింది కతోలిక ఇంటికి. ఇన్నాళ్లూ ఏ ఇబ్బందీ రాలేదు, ఇక్కడున్నప్పుడు వీళ్లతో గుడికి వెళ్తాను, పుట్టింటికి వెళ్తే మా చర్చికి వెళ్తాను. ఇప్పుడు మామయ్యగారికి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, మంచం దిగలేరు, మాట కూడా సరిగా రావట్లేదు. తపస్సుకాలం, అంటే ఈస్టరు ముందు ఉపవాస దినాలు వస్తే ప్రతి శుక్రవారం సిలువ మార్గంలో, అంటే ప్రభువు శ్రమల్ని తలుచుకుంటూ పద్నాలుగు స్థలాల దగ్గర ఆగి చేసే ప్రార్థనలో, ముందు సిలువ పట్టుకుని నడిచేది ఆయనేనట. మొన్న తపస్సుకాలం మొదలైన విభూతి బుధవారం నాడు ఫాదర్ గారు ఇంటికొచ్చి నుదుట విభూతి పెట్టి వెళ్లాక, ఎడమ చేత్తో గోడ మీది సిలువ చూపించి చాలాసేపు తంటాలు పడి "శుక్రవారం" అన్నారు. అత్తయ్యకి చూపు ఆనదు, మా ఆయన డ్యూటీ నుంచి వచ్చేసరికి రాత్రవుతుంది. కాబట్టి చదవాల్సింది నేనే.

పుస్తకం తీసి చూశాను. పద్నాలుగు స్థలాల్లో ప్రభువు మూడుసార్లు పడిపోవడం, వెరోనికమ్మ ముఖం తుడవడం లాంటివి సువార్తల్లో లేవు. నాన్నగారికి ఫోన్ చేసి అడిగితే "వాక్యంలో లేనిదాన్ని ప్రార్థనలో ఎలా పలుకుతావమ్మా" అన్నారు. ఆయన మాట తీసేయలేను, ఈయన కోరిక కాదనలేను. పైగా ప్రతి స్థలం దగ్గరా మోకరించి లేవాలి, ఒకచోటి నుంచి ఇంకోచోటికి నడవాలి కదా, మంచం మీదున్న మనిషి చేత ఎలా చేయించాలి? అసలు టెన్షన్ వేరే ఉంది. తీర్పు దగ్గర మొదలై సమాధి దగ్గర ముగిసే ఆ బాధంతా జబ్బు మనిషి పక్కన కూర్చుని చదివితే ఇంకా కుంగిపోరా?

ఉపదేశి_పల్నాడు:

అమ్మా, ముందు నడక, మోకరింపుల గురించి దిగులు పెట్టుకోకు. గుడి నిండా జనం ఉన్న రోజు మేమూ అందరం నడవం, చదివేవాళ్లు, సిలువ, కొవ్వొత్తులు పట్టుకున్నవాళ్లు కదులుతారు, మిగతావాళ్లు ఉన్నచోటే నిలబడి తిరుగుతారు. మంచం పట్టినవాళ్ల కోసమైతే 1773లోనే 14వ క్లెమెంట్ పోపుగారు ఒక వెసులుబాటు ఇచ్చారు, మంత్రించిన పాటి సిలువని, అంటే ప్రభువు రూపం ఉన్న సిలువని చేత్తో పట్టుకుని ప్రార్థిస్తే సరిపోతుందని. గోడ మీది సిలువ దించి మామయ్యగారి ఎడమ చేతికివ్వు. ఫాదర్ గారిని అడిగి మంత్రించిన చిన్నది తెచ్చుకున్నా మంచిదే, బరువు ఉండదు.

ఇక స్థలాల సంగతి. ఇది యెరూషలేము వెళ్లలేనివాళ్ల కోసం పుట్టిన భక్తి. 14వ శతాబ్దం నుంచి అక్కడి పుణ్యస్థలాలు చూసుకునేది ఫ్రాన్సిస్కన్ గురువులే, ఇప్పటికీ ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఆ ఇరుకు సందుల్లో యాత్రికుల్ని వెంటబెట్టుకుని సిలువ మార్గం చేస్తారు, చివరి ఐదు స్థలాలు సమాధి దేవాలయం లోపలే ఉంటాయి. అక్కడికి పోలేని ఊళ్లలో దాన్నే గుడి గోడల మీద పెట్టుకున్నారు. మొదట్లో ఒక్కోచోట ఒక్కో లెక్క ఉండేది, 1731లో 12వ క్లెమెంట్ పోపుగారు పద్నాలుగని ఖాయం చేశారు. వాటిలో ఎనిమిదింటికి సువార్తలో నేరుగా ఆధారం ఉంది. పదమూడోదాంట్లో సిలువ నుంచి దించడం ఉంది కానీ తల్లి ఒడిలో పెట్టడం లేదు. మూడుసార్లు పడటం, తల్లి ఎదురుకావడం, వెరోనికమ్మ, ఇవి సంప్రదాయం నుంచి వచ్చినవే, మేమెవరం వాటిని సువార్త వాక్యం అని చెప్పం.

మీ నాన్నగారి అభ్యంతరం మా కతోలిక సభకి కొత్తేమీ కాదు. 1991 పవిత్ర శుక్రవారం (గుడ్ ఫ్రైడే) నాడు రెండో జాన్ పాల్ పోపుగారు రోములో చేసిన సిలువ మార్గం పూర్తిగా సువార్తల మీదే నడిచింది. గెత్సెమనే తోటలో మొదలవుతుంది, పేతురు బొంకడం, పక్క సిలువ మీది దొంగకి పరదైసు మాట ఇవ్వడం, తల్లిని శిష్యుడికి అప్పగించడం ఉంటాయి. అవీ పద్నాలుగే. దాన్ని చదువుకున్నా సిలువ మార్గమే అవుతుంది. కానీ ఒక్క మాట, మామయ్యగారు చిన్నప్పటి నుంచి విన్నది పాతది. ఆయన దేనికోసం ఎదురుచూస్తున్నారో అత్తయ్యని అడిగి చూడు.

లూథరన్_తెనాలి:

చెల్లీ, మీ నాన్నగారి మాటలో న్యాయం ఉంది, దాన్ని చాదస్తం అని కొట్టిపారేయొద్దు. లేఖనంలో లేని సంగతిని జరిగినట్టు పలకడానికి నాకూ నోరు రాదు. కానీ శ్రమల ధ్యానం కతోలికులదే, మనకి సంబంధం లేదు అనుకోవద్దు. మనం శుభ శుక్రవారం పన్నెండు నుంచి మూడు దాకా కూర్చుని ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటలు వింటాం కదా, మాటకొక ప్రసంగం, మధ్యలో పాటలు. ఆ మూడు గంటల ఆరాధన 17వ శతాబ్దం చివర్లో పెరూ దేశంలో లిమా నగరంలో అలోన్సో మెస్సియా అనే జెస్విట్ గురువు మొదలుపెట్టింది. 19వ శతాబ్దంలో ఆంగ్లికన్లు అందుకున్నారు, తర్వాత మిగతా ప్రొటెస్టెంటు సంఘాల్లోకీ వచ్చింది. ఇప్పుడు మన పల్లెటూరి చర్చిలో కూడా ఏ మాట ఎవరు చెప్పాలో నెల ముందే పంచుకుంటున్నాం, అది కతోలికుల దగ్గర పుట్టిందని ఎవరూ మానేయలేదు.

మామయ్యగారు కుంగిపోతారేమోనన్న నీ మూడో ప్రశ్నకి జవాబు లూథర్ గారే చెప్పారు. 1519లో క్రీస్తు శ్రమల్ని ఎలా ధ్యానించాలో ఒక ప్రసంగం రాశారు. అయ్యో పాపం అని యేసు మీద జాలిపడి ఏడవడమో, యూదుల మీద కోపం తెచ్చుకోవడమో ధ్యానం కాదంటారు. ఆ గాయాల్లో నా పాపం నాకు కనపడాలి, మనసు కలవరపడాలి. అయితే అక్కడే ఆగిపోతే నిరాశే మిగులుతుంది, అందుకని ఆ భారం ఆయన మీద వేసేసి, గాయాల్ని దాటి ఆయన హృదయంలోకి, అక్కడున్న ప్రేమలోకి చూడమంటారు, పునరుత్థానంలో ఆ పాపం ఓడిపోయిందని నమ్మమంటారు. కాబట్టి సమాధి దగ్గర పుస్తకం మూసేయకు, లూకా 24లో స్త్రీలు తెల్లవారుజామున సమాధికి వెళ్లిన భాగం చదివి ముగించు.

ప్రభువు పడిపోయే స్థలాల దగ్గర యెషయా 53 చదువు, "మన రోగములను భరించెను" అనే వచనం మంచంలో ఉన్న మనిషికి ఎంత ధైర్యమో. వెరోనికమ్మ దగ్గర మత్తయి 25, "రోగినై యుంటిని, నన్ను చూడవచ్చితిరి". అవి వాక్యమే కదా, మీ నాన్నగారు కాదనలేరు, మామయ్యగారి స్థలాలూ పోవు.

సత్యవాక్యం_22:

ఈ ఆచారాలన్నీ ఎందుకు సిస్టర్. యేసు రోగుల్ని బాగుచేశాడు. తల మీద చెయ్యి పెట్టి స్వస్థత కోసం విశ్వాసంతో ప్రార్థించండి, లేచి నడుస్తారు. నడవకపోతే విశ్వాసం చాల్లేదని అర్థం.

నర్సక్క_డల్లాస్:

పైన రాసిన తమ్ముడూ, స్వస్థత కోసం ప్రార్థించమనడం మంచిదే, ఎవరూ వద్దనరు. కానీ నడవకపోతే విశ్వాసం చాల్లేదనే మాట దయచేసి ఏ రోగి మంచం దగ్గరా అనకు. పక్షవాతం వార్డులో పనిచేస్తాను, ఆ మాట విని గోడవైపు తిరిగి పడుకున్నవాళ్లని చూశాను. దానికి ఎదురుగా ఇంకో మాట ఉంది, "ఇది దేవుడు మీకిచ్చిన సిలువ, సహించండి" అనేది. చెల్లీ, నువ్వు అదీ అనకు. మామయ్యగారు తనంతట తాను అనుకుంటే అది ఆయనకీ దేవుడికీ మధ్య సంగతి.

ఇప్పుడు పని సంగతి. కుడివైపు పడిపోయి మాట పోయినవాళ్లలో చాలామందికి మామూలుగా మాట్లాడాలంటే ఒక్క ముక్క రాదు, కానీ చిన్నప్పటి నుంచి బట్టీపట్టిన ప్రార్థనలు, పాటలు, అంకెలు ఒక్కోసారి గడగడా వచ్చేస్తాయి. మా దగ్గర ఒక పెద్దాయన మంచినీళ్లు అడగలేకపోయేవారు, పరలోక ప్రార్థన మొదలుపెడితే మాత్రం ఆమేన్ దాకా చెప్పేవారు. ప్రతి స్థలం మొదట్లో క్రీస్తుని ఆరాధిస్తున్నామని చదివేవాళ్లు అంటే, మీ సిలువతో లోకాన్ని రక్షించారని జనం అందుకుంటారు కదా. నువ్వు మొదటి సగం అని ఆగు. పూర్తి చేయడానికి తొందరపడకు, ఆయన వంక చూస్తూ ఊరికే ఉండు. రాకపోతే అత్తయ్య అందుకుంటారు, ఆవిడకి పుస్తకం అక్కర్లేదు, నోటికి వచ్చే ఉంటుంది. కొత్త పుస్తకం కంటే పాత మాటలే మేలనేది నేను ఇందుకే అంటున్నాను.

సాయంత్రానికి వీళ్లు అలిసిపోతారు, కాఫీ తాగి తేలిగ్గా ఉన్న వేళ చూసుకో. పద్నాలుగూ ఒక్కసారే చేయాలని లేదు, కళ్లు మూతలు పడుతుంటే ఆపేసి మర్నాడు మిగతావి చదువు. మధ్యలో ఉన్నట్టుండి ఏడిస్తే కంగారుపడకు. పక్షవాతం వచ్చినవాళ్లకి ఏడుపు, నవ్వు చేతిలో ఉండవు, కుంగిపోయారనే అనుకోనక్కర్లేదు. అయితే రోజంతా దిగులుగా ఉంటూ తిండి, నిద్ర తగ్గితే అది వేరే, డాక్టరుకి చెప్పాలి, దానికి మందులున్నాయి.

ఇంకొకటి. ఐదో స్థలంలో సీమోను ఉంటాడు చూడు, పొలం నుంచి వస్తున్నవాడిని పట్టుకుని బలవంతంగా సిలువ మోయించారని మార్కు సువార్తలో ఉంది. అతను ఇష్టపడి ముందుకు రాలేదు. రోగిని చూసుకునేవాళ్లకి ఆ స్థలం చాలా అవసరం. అక్కడ కొంచెంసేపు నీకోసం కూడా ఆగు.

గుంటూరు_కోడలు:

అందరికీ చాలా చాలా థాంక్స్. అత్తయ్యని అడిగాను, పాతదే కావాలన్నారు, ప్రతి స్థలానికీ పాట ఆవిడే ఎత్తుకుంటానన్నారు. కాబట్టి మామయ్య పుస్తకమే, తెనాలి అన్నయ్య చెప్పిన వాక్యాలు చీటీల మీద పెద్ద అక్షరాలతో రాసి ఆయా పేజీల్లో పెట్టుకుంటున్నాను, చివర లూకా 24. నాన్నగారికి 1519 నాటి ప్రసంగం సంగతి చెబితే చాలాసేపు మాట్లాడారు, వెరోనికమ్మ దగ్గర మాత్రం ఇంకా ఒప్పుకోలేదు, ఆ ఒక్కచోట మత్తయి 25 మాత్రమే చదివి ఊరుకోమంటున్నారు. దాని గురించి ఫాదర్ గారిని అడుగుతాను. నర్సక్కా, ఒక్క సందేహం, ఆయన ఎడమ చేతికి సిలువ ఇస్తే చదివినంతసేపూ గట్టిగా బిగించి పట్టుకుంటున్నారు, నిన్న మొదటి రెండు స్థలాలు చదివి చూశాం, చెయ్యి వణికింది. దిండు మీద ఆనించి పెట్టమంటారా, వదిలేయమంటారా?