అప్‌డేట్: మా కిటికీకి పిచ్చుకలు వచ్చాయి!

పావురాలు ఎగబడకుండా కిటికీ దగ్గర పిచ్చుకలకు గింజలు ఎలా పెట్టాలని పోయిన నెల అడిగాను కదా. మాది కూకట్‌పల్లిలో మూడో అంతస్తు.

మొదట లీటరు నీళ్ల సీసాకు అడ్డంగా చెక్క గరిటె గుచ్చి, సజ్జలు పోసి గ్రిల్‌కు కట్టాను. రెండో రోజుకే పావురాలు గరిటె మీద వాలి మొత్తం కింద పారబోశాయి. మీలో ఒకరు చెప్పినట్టు గరిటె తీసేసి, పెన్సిల్ కంటే సన్నని పుల్ల పెట్టాను, బయటికి వేలెడు పొడవే ఉండేలా. దాని మీద పావురం నిలవలేకపోతోంది.

తర్వాత తొమ్మిది రోజులు ఒక్క పిట్టా రాలేదు. చాలా టెన్షన్ పడ్డాను. అమ్మ ఊరి నుంచి తెచ్చిన వరి కంకుల కుచ్చు పక్కనే వేలాడదీస్తే, మర్నాడు పొద్దున్నే మెడ కింద నల్ల మచ్చతో ఒక మగ పిచ్చుక వచ్చి వాలింది. నాకు కళ్లు చెమర్చాయి. ఇప్పుడు ఐదారు వస్తున్నాయి.

వానకు సజ్జలు తడిసి ఒకసారి బూజు పట్టాయి. అందుకే సీసా అడుగున సూదితో కన్నాలు పెట్టాను, వారానికోసారి సబ్బు నీళ్లతో కడిగి బాగా ఎండబెడుతున్నాను. పక్కనే మట్టి మూకుడులో నీళ్లు. కారప్పూస లాంటివి మాత్రం పెట్టకండి, ఉప్పు వాటికి పడదు.